త్రిశూలం అంచు

గద్వాల,
మే 3, 2006

ముబ్బూ,

నువ్వు పంపిన బొమ్మ అందింది. మడతలు పెట్టకు అని చెప్పిన గద. నాలుగు మడతలు పెట్టినవ్. బానెట్ మీద ఒక గీత, టైరు మీద ఒక గీత పడ్డయి. అయినా మస్తుంది. తెలుపు, నీలం. ముక్కు మీద త్రిశూలం. మసెరాటి ఎం.సి. పన్నెండు. పేరు పదిసార్లు పలికిన. నోట్లనే, బయటికి కాదు.

ఏడ పెట్టిన్నో చెప్తే నవ్వుతవ్. మగ్గం గుంటల. మా మగ్గం కింద కాళ్ళు పెట్టనీకి గుంట తవ్వి ఉంటది గద, నువ్వొకసారి చూసి "గిది బావా?" అన్నవ్. గా గుంటల నా కాళ్ళ దిక్కు గోడకు మైదాపిండితోని అతికిచ్చిన. అక్కడ చీకటి. ఎవ్వరు వంగి చూడరు. పొద్దంత నా కాళ్ళు బండి పక్కన ఉంటయి.

మార్చిల అమ్మ బావికాడ జారి చెయ్యి విరగ్గొట్టుకున్నది. దవాఖానల పట్టీ ఏసిండ్రు. నా పదో తరగతి పరీక్షలైన తెల్లారే నాయిన, "ఎండకాలం పోయేదాంక అమ్మ జాగల కూసో బిడ్డా" అన్నడు. గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. నాయిన నడుమ కూసోని నూలు పోగు నింపిన నాడె అటు ఇటు ఇసుర్తడు. నేను కుడి దిక్కు కూసోని పట్టు నాడె ఇసిరి, ఆ పోగును ఈ పోగుల ఇరికియ్యాలె. ప్రతి వరుసకు. నేను లేస్తే మగ్గం ఆగుతది. ఇంకొకర్ని కూసోబెట్టనీకి గూడ లేదు. "చెయ్యి మారితే అంచు మారుతది" అంటడు నాయిన. ఎవరు మొదలు పెడ్తే వాళ్ళే ముగియ్యాలె.

పాలిటెక్నిక్ పరీక్ష రాసిన సంగతి ఇంట్ల చెప్పలే. సయీదా అక్క నిఖా ఉందని చెప్పి మీ వనపర్తికి వచ్చిన గద, ఇంటికొచ్చినంక అవ్వ "బిర్యానీ ఎట్లుండె?" అనడిగింది. బాగుండె అన్న. "ముక్కలేసిండ్రా?" ఆరు అన్న. ముబ్బూ, నాకు అబద్ధాలు ఎంత మంచిగ వస్తున్నయో చూసి నాకే భయమైతుంది.

ఈ ఉత్తరం ఇంగ్లీష్‌ల మొదలు పెట్టిన. 'డియర్ ముబషిరా' దాంక బాగనే వచ్చింది. తర్వాత 'ఫియర్' అని రాయాల్సొచ్చింది. అది పుస్తకంల మాట లెక్కుంది, నాది లెక్క లేదు. చింపేసిన.

జవాబు మా ఇంటికి రాయకు. జానకమ్మ కిరాణం దుకాణం పేరు మీద రాయి. ఆమెకు చదువు రాదు.

సౌందర్య


వనపర్తి,
మే 14, 2006

సౌందూ, సలాం!

మా అక్కకు నువ్వే నిఖా చేసి, నువ్వే బిర్యానీ తిని, ముక్కలు గూడ లెక్కవెట్టినవ్. అక్కకు చదివి వినిపిచ్చిన. "నాకు చెప్పకుండ నా పెండ్లి చేసిండ్రా? దుల్హా ఎట్లున్నడో జర అడుగు" అంటుంది.

నెట్ సెంటర్ల గంట కూసున్న, నీ బండి కోసమే. విను. రోడ్డు మీద తిరిగే బండ్లు మొత్తం యాభై చేసిండ్రు. యాభై అంతే! మన హాస్టల్ స్కూల్ల ఒక్క సెక్షన్ల పిల్లలంత లేవు. వెనక అద్దం లేదు దానికి. ఇంజన్ డ్రైవర్ వీపు వెనకనే ఉంటది, అద్దానికి జాగ ఏడిది? వెనకెవరొస్తున్రో కనపడదు.

దానికొక తాత ఉంది. 1960ల బండి. రెండు వందల సన్న పైపులు అతికి చట్రం చేసిండ్రట. చూస్తే పిట్టల పంజరం లెక్కుంటదని దాన్ని బర్డ్‌కేజ్ అన్నరు. ఆ పంజరం జర్మనీల వెయ్యి కిలోమీటర్ల రేసు రెండేండ్లు వరుసగ గెల్చింది. దాన్ని నడిపిన టీమ్ రంగు తెలుపు, నీలం. తాతను యాది చేసుకోని మనమడికి గదే రంగేసిండ్రు. త్రిశూలం ఏందంటే, ఆ కంపెనీ పుట్టిన ఊర్ల సముద్ర దేవుడి విగ్రహం ఉందట, దాని చేతిల ఉన్నది చూసి పెట్టుకున్నరు.

మా అబ్బాకు ఇంకో బొమ్మ ప్రింట్ తీసి చూపిచ్చిన. స్పానర్ పట్టుకోని చాన సేపు చూసిండు. "గింత కిందికుంది, గోపాల్‌పేట రోడ్డెక్కితే పొట్ట పగుల్తది" అన్నడు. అయినా రెండుసార్లు మళ్ళ అడిగి తీసుకోని చూసిండు. షెడ్డుల అన్నీ జీపులు, బోర్ బండ్లే గద పాపం.

నువ్వు జర మీ నాయినకు చెప్పు. కొడ్తడా?

ముబ్బూ


గద్వాల,
మే 27, 2006

ముబ్బూ,

మా నాయిన కొట్టడు. మాట్లాడుడు బంద్ చేస్తడు. మా మేనత్తతోని ఏడేండ్ల సంది మాట్లాడలే. ఆమె చేసిన తప్పేందో ఇప్పుడు ఎవ్వరికీ యాదికి లేదు, మాట్లాడకపోవుడు మాత్రం ఉంది. పొద్దంత మోచేతి దూరంల ఆయన పక్కన కూసుంటున్న. కొడ్తే నయం.

ఒకటి జరిగింది. ఎట్ల చెప్పాల్నో తెల్వదు.

మా చీరలు తీసుకునే సావుకారి వచ్చి, "ఏందయ్యా కురుమూర్తీ, ఎన్నేండ్లు గిదే మామిడిపిందె అంచు? చూసి చూసి యాష్టకొచ్చింది" అన్నడు. నాయిన ముఖం చిన్నగైంది. ఆయన పోయినంక నాకు డబ్బాల కాయితమిచ్చి, "ఇంగ్లీష్ సదువు సదివినవ్ గద, ఏమన్న గియ్యి బిడ్డా" అన్నడు. మనం గ్రాఫ్ పేపర్ అంటం గద, అదే. ఒక్కో డబ్బ ఒక్కో పోగు. దాన్ని చూసి అట్టలకు బొక్కలు కొడ్తరు, ఆ అట్టలు మగ్గం మీదికెక్కిస్తే అంచుల బొమ్మ పడ్తది.

నేను పువ్వు గీద్దామనుకున్న. చెయ్యి త్రిశూలం గీసింది. ఆ బండిదే, అదే వంపు, అదే సన్న నడుము. చెరిపే లోపట నాయిన చూసిండు. చాన సేపు చూసిండు. "శివుని త్రిశూలం" అన్నడు. "మా తాతలకు గూడ తోచలే గిది."

కాదు అనాలె. చెరిపే రబ్బరు పక్కన పెట్టిన.

మొన్న మొదటి చీర దిగింది. తెల్లటి ఒళ్ళు, నీలం పట్టు అంచు, జరీ త్రిశూలాలు. రంగు గూడ నేనే చెప్పిన ముబ్బూ. అవ్వ, మా ఈదమ్మ అవ్వ, ఆ చీరను కండ్లకద్దుకోని కుంకుమ బొట్టు పెట్టింది. అమ్మ పట్టీ చెయ్యితోనే దండం పెట్టింది. నాయిన వాడకట్టు వాళ్ళందర్ని పిలిచి, "మా బిడ్డ గీసింది" అని చూపిచ్చిండు. ఇన్నేండ్లల నాయిన గట్ల నవ్వంగ చూడలే.

నా కాళ్ళ కాడ గుంటల బండి ఉంది. ఇంట్ల అందరు దాని ముక్కుకు మొక్కుతున్రు.

సౌందర్య


వనపర్తి,
జూన్ 5, 2006

అరే పాగల్!

మొదలు పడి పడి నవ్విన. మా అక్క వచ్చి వీపు మీద గుద్దింది. తర్వాత నీ ఉత్తరం మళ్ళొకసారి చదివిన, నవ్వు రాలే.

నీ ర్యాంక్ వచ్చింది. వెయ్యిన్నూటా ఎనభై నాలుగు! నెట్ సెంటర్ల నేనే చూసిన, మూడుసార్లు హాల్ టికెట్ నంబర్ కొట్టి. అబ్బా అడిగి తెలుసుకున్నడు, వనపర్తి పాలిటెక్నిక్‌ల నీకు మెకానికల్ సీటు తప్పకుండ వస్తదట. రాజుల ప్యాలెస్‌ల కాలేజీ సౌందూ! కౌన్సిలింగ్ జూలై 10, సోమవారం, మహబూబ్‌నగర్ల. ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలె, నాయినో అమ్మో తోడు రావాలె. ఆ రోజు పోకపోతే సీటు పాయె.

నా పదో తరగతి మార్కులు మాత్రం అడగకు. సయీదా అక్క లెక్కనే, వాటికి గూడ ఇంక సంబంధం కుదరలే.

నువ్వు ఏం చేస్తున్నవో నీకు తెలుస్తుందా? నీ తాళం నువ్వే నేసుకుంటున్నవ్. చెప్పు మీ నాయినకు. ఇయ్యాల్నే చెప్పు.

ముబ్బూ


గద్వాల,
జూన్ 16, 2006

ముబ్బూ,

చెప్దామనే పోయిన. నిన్న పొద్దుగాల, మగ్గమెక్కే ముందు. అప్పుడే సావుకారి వచ్చిండు.

ఒక పడుగుకు నాలుగు చీరలు దిగుతయి. త్రిశూలం అంచువి నాలుగూ దిగినయి. ముందు తీసుకపోయిన మూడు హైదరాబాద్‌ల ఒక్క రోజుల అమ్ముడు పోయినయట. "ఇగ దసరా దాంక ఇదే నెయ్యి, దీపావళి దాంక నెయ్యి, ఎన్ని నేస్తే అన్ని తీసుకపోత" అన్నడు. కొత్త పడుగు గూడ బండి మీద ఏసుకోనే వచ్చిండు.

నీకు తెల్వది ఒకటి చెప్త. మగ్గం మీద పడుగు అయిపోతే పాత పోగుల కొసలు అట్లనే ఉంచుతరు. కొత్త పోగులను ఒక్కోటి ఆ కొసలకు మెలేసి అతుకుతరు, వేళ్ళకు బూడిద అద్దుకోని. గందుకే మా మగ్గం ఎన్నడు ఖాళీగ ఉండదు. మా తాత ఎక్కిచ్చిన పడుగే ఇంక నడుస్తున్నట్టు. ఆ నడుమ దొరికేది ఒక్క రోజు. గా ఒక్క రోజులనే ఎవరన్న లేవొచ్చు, చెయ్యి మారొచ్చు.

నిన్న ఆ రోజు. నేను లేవలే. పొద్దంత కూసోని వేల పోగులు నా వేళ్ళతోనే అతికిన. నాయిన పక్కనుండి "నీ అతుకు కనపడదు బిడ్డా, మీ అమ్మ కన్న నయం" అన్నడు. "అమ్మ చెయ్యి బాగైనా గిది ఇగ నీ జాగనే. ఈ అంచు నీ చెయ్యిది. ఇంకో చెయ్యి నేస్తే శివునికే తెలుస్తది."

ఎండకాలం పోయేదాంక అన్నడు గద? వానలు పడ్డయి. ఎవ్వరు యాది చేయలే. నేను గూడ చేయలే.

నా సర్టిఫికెట్లు ఇనుప పెట్టెల ఉన్నయి. తాళంచెవి నాయిన మొలతాడుకు ఉంటది.

కౌన్సిలింగ్‌కు పోను. నువ్వు గూడ ఇగ రాయకు. జానకమ్మ నన్ను చూసి ఒక తీరుగ నవ్వుతుంది.

బొమ్మ మాత్రం పీకలే. పిండి ఎండి గోడల కలిసిపోయింది.

సౌందర్య


వనపర్తి,
జూన్ 22, 2006

సౌందూ,

రాయకు అన్నవ్, అయినా రాస్తున్న. కోపం చేసుకో.

నీకొకటి దాచిన. నేను లెక్కల్ల ఫెయిలైన. ఇరవై రెండు మార్కులు. మనిద్దరం ఒక్క బెంచి మీద కూసుంటమని ప్యాలెస్ కాలేజీ గేటు కాడికి పోయి చూసొచ్చిన, రిజల్ట్ రాకముందు. నీ ర్యాంక్ చూసిన రోజు నెట్ సెంటర్ల నుంచి బయటికొచ్చి బస్టాండ్ వెనక కూసోని ఏడ్చిన. సంతోషంతోని కాదు. నీ మీద కుళ్ళుతోని. తర్వాత నీ ఉత్తరమొచ్చింది, పోను అని. నాకు దొర్కనిది నీ చేతికొస్తే నువ్వు మగ్గం గుంటల దాచిపెడ్తున్నవ్. ఇగ నేనెవర్ని చూసి కుళ్ళాలె చెప్పు?

మొన్న మళ్ళ నెట్ సెంటర్‌కు పోయిన. ఆ బండ్లు యాభై ఎందుకు చేసిండ్రో తెలుసా? అమ్మనీకి కాదు. రేసుల దిగాలంటే ముందు రోడ్డు మీద తిరిగే బండ్లు ఇరవై అయిదు చేసి చూపియ్యాలె అని రూలుండె. గందుకే చేసిండ్రు. ఇరవై అయిదు, ఇంకో ఇరవై అయిదు, బస్. కొనేటోళ్ళు ఎంతమంది లైన్ల నిలబడ్డా ఇగ చేయలే. పోయినేడు బెల్జియంల ఇరవై నాలుగ్గంటల రేసు గెల్చింది. ముగ్గురు డ్రైవర్లు మారి మారి నడిపిండ్రట. చెయ్యి మారినా బండి గెల్చింది సౌందూ. మీ నాయినకు గిది చెప్పు.

నువ్వు నేసిన చీరలు గూడ గంతే అనుకో. రేసుల దిగనీకి నేసినవ్. లెక్క తీరింది. జూలై 10 సోమవారం. మర్చిపోకు.

నీ ముబ్బూ


గద్వాల,
జూలై 1, 2006

ముబ్బూ,

నీ ఉత్తరం నా చేతికి రాలే. జానకమ్మ సీదా మా ఇంటికొచ్చింది, అందరు అన్నం తింటున్నప్పుడు. "కురుమూర్తీ, నీ బిడ్డకు వనపర్తి నుంచి చిట్టీలు వస్తున్నయి. నా దుకాణం పోస్టాఫీసైంది. ఏ పిలగానియో ఏందో, నాకెందుకు ఈ పంచాది" అని ఉత్తరం నాయిన ముంగట పెట్టి పోయింది.

నాయినకు సంతకం తప్ప చదువు రాదు. చెయ్యి కడుక్కున్నడు. కవరు చింపి కాయితం నాకిచ్చిండు. "చదువు" అన్నడు.

"ముబషిరా రాసింది నాయినా. సయీదా అక్క అత్తగారింట్ల మంచిగుందట. వాళ్ళ దిక్కు వానలు పడ్డయట. అమ్మ చెయ్యి ఎట్లుందని అడిగింది. గంతే" అన్న. గొంతు మంచిగనే వచ్చింది. అవ్వ "పాపం, మంచి పిల్ల" అన్నది.

నాయిన కాయితం తీసుకున్నడు. వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపిండు, వెనక్కి తిప్పి మళ్ళ జరిపిండు. "ముప్పై నాలుగు వరుసలున్నయి. నువ్వు చదివింది నాలుగు" అన్నడు. "పొద్దంత వరుసలు లెక్కవెట్టేటోన్ని బిడ్డా నేను. సక్కగ చదువు."

చదివిన. అంతా చదివిన. నీ ఇరవై రెండు మార్కులు గూడ, మాఫ్ చెయ్యి. గుంట అన్న మాట వచ్చినప్పుడు నాయిన లేచి, బ్యాటరీ లైటు తీసుకోని గుంటల దిగిండు. పట్టపగలు మా నాయిన గుంటల కూసోని గోడకు లైటు కొడ్తుండు. మేం ముగ్గురం పైన నిలబడ్డం. "గా త్రిశూలం బండిదా?" అన్నడు, లోపల్నుంచే. ఊ అన్న.

అమ్మ ఏడుపు మొదలు పెట్టింది. అవ్వ మాత్రం, "ఆళ్ళ ఊర్ల గూడ ఏదో దేవుని చేతిదే అన్నది గద ఈ పిల్ల? నేను పెట్టిన కుంకుమ యాడికి పోదు" అన్నది. ముబ్బూ, నీ పాత ఉత్తరాలల్ల సంగతులు, సముద్ర దేవుడు, వెనక అద్దం లేకపోవుడు, జరగని నిఖా, అన్నీ నేనే చెప్పిన, అప్పుడే, నాయిన వినంగనే, ఏడ్సుకుంట.

నాయిన పైకొచ్చి మగ్గం మీద కూసున్నడు. నా జాగ దిక్కు చూసిండు. పోయి కూసున్న.

ఐదు రోజులైంది. ఒక్క మాట లేదు. ఏడో చీర దిగింది, ఎనిమిదోది ఎక్కింది. ఆయన నాడె నా దిక్కుకొస్తది, నా పోగు పట్టుకోని పోతది. అది ఒక్కటే వస్తది ఆయన దిక్కు నుంచి. మేనత్తకు ఏడేండ్లు. నాకెన్నో.

సౌందర్య


గద్వాల,
జూలై 7, 2006

ముబషిరా అబ్బా షాకీర్ భాయ్‌కి కురుమూర్తి నమస్కారం చేసి రాపిచ్చునది.

నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తుంది. నడుమల ఏమన్న కలిపినా, తీసేసినా వరుసలు లెక్కవెడ్త, ఆమెకు తెలుసు.

(ముబ్బూ, ఇది నేనే రాస్తున్న. నాయిన ఇంక నాతోని మాట్లాడలే. పొద్దున కాయితం, పెన్ను నా ముంగట పెట్టి, గోడ దిక్కు చూసి చెప్పుడు మొదలు పెట్టిండు. ఈ వరుసలు లెక్కకొస్తే రానీ.)

భాయ్, రేపు పొద్దుగాల మా మగ్గం మీద ఎనిమిదో త్రిశూలం చీర దిగుతది. సావుకారి కొత్త పడుగు తెచ్చిండు. వాపస్ తీసుకపొమ్మన్న. "పిచ్చి లేసిందా, జనం అడుగుతున్రు" అన్నడు. ఈ అంచు నా బిడ్డ చెయ్యిది, బిడ్డ చదువుకు పోతుంది, చెయ్యి మారితే అంచు మారుతది, గందుకే ఎనిమిదితోనే బంద్ అని చెప్పిన. ఇంకోళ్ళను కూసోబెట్టి నేపిచ్చుమన్నడు. బండికి ముగ్గురు మారితే నడుస్తదేమో, నీ బిడ్డ రాసింది, నేను కాదన. మగ్గానికి నడవదు. అట్టలు విప్పి బట్టల చుట్టి దూలానికి కట్టిన. మా ఇంటామె చెయ్యికి ఇంక బలం రాలే, ఇగ నాగర్‌కర్నూల్ నుంచి మా మరదలు వస్తది. పాత మామిడిపిందెనే నేస్తం. సావుకారికి యాష్ట వస్తే రానీ.

సోమవారం మొదటి బస్సుకు బిడ్డను తీసుకోని మహబూబ్‌నగర్ పోత. పెట్టె తాళం తీసి కాయితాలు ఆమెకే ఇచ్చిన, ఏది ఏందో నాకు తెల్వదు. సీటొస్తే ఆడ నుంచి సీదా మీ వనపర్తికి వస్తం. ఆడపిల్లలుండే హాస్టల్ ఏది మంచిదో జర చూసిపెట్టు. నీ బిడ్డ లెక్కల్ల తప్పిందట. పరేషాన్ కావద్దని చెప్పు. ఆదివారం ఆదివారం మా బిడ్డ వచ్చి చెప్తది.

నిఖా లేని బిర్యానీ మా అమ్మ మర్చిపోయింది. నేను మర్చిపోలే. నా బిడ్డ నా ముఖం చూసి అన్ని అబద్ధాలు ఎందుకు చెప్పాల్సొచ్చిందో పది రోజులు నాడె ఇసురుకుంట ఆలోచన చేసిన. ఇంక తెల్వలే. నీ పెద్దబిడ్డకు నిజంగ కుదిరినప్పుడు పిలువు, వస్తం.

ఆ బండి బొమ్మ గుంటల్నే ఉంది. పీకుదామని పోయిన, పిండి గట్టిగ పట్టింది, చింపనీకి మనసు రాలే. రోజూ కాళ్ళు పెట్టే ముందు చూస్తున్న. మస్తు బండి. ఒక్కటే అర్థమైతలేదు. వెనక అద్దం లేదని రాసింది నీ బిడ్డ. మరి అండ్ల కూసున్నోళ్ళకు వెనక నిలబడ్డోళ్ళు ఎట్ల కనపడాలె? చదువుకోని వచ్చినంక ఎవరన్న నాకు చెప్పుండ్రి.

(గోడ దిక్కు నుంచి ఇటు తిరిగి, "రాసినవా?" అని అడిగిండు.)